పదమూడో పేరు

మార్చి చివరి వారం. అమెరికాలోని అరిజోనా ఎడారిలో, ఫీనిక్స్ నగరం చుట్టూ విస్తరించిన బేస్‌బాల్ శిక్షణ శిబిరాల్లో, ఎండ ముదరకముందే ఆటగాళ్లు దుస్తుల గదికి చేరుకుంటారు. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు తన అర వంక చూస్తాడు. పేరు రాసిన పలక అక్కడే ఉందా, చొక్కా కొక్కేనికి వేలాడుతోందా అని చూసుకుని, అప్పుడు మిగతా వాళ్లను పలకరిస్తాడు. కాసేపటికి శిక్షకుల్లో ఒకరు గదిలోకి వచ్చి, ఎవరి భుజం మీదో చెయ్యి వేసి, మేనేజర్ రమ్మంటున్నారని చెవిలో చెబుతారు. చుట్టూ ఉన్నవాళ్ల సంభాషణ ఆగిపోతుంది. కొందరు బూట్ల తాళ్లు మళ్లీ విప్పి కట్టుకుంటారు. పిలుపు అందుకున్నవాడికి మేనేజర్ గదిలో వినబోయే మాటలు ముందే తెలుసు.

ఫిబ్రవరి మధ్యలో శిబిరం మొదలైనప్పుడు ఆ గదిలో అరవై మందికి పైగా ఉంటారు. సీజన్ తొలి ఆట నాటికి మిగలవలసింది ఇరవై ఆరుగురు. ఆ ఇరవై ఆరులో పిచర్లు పదమూడుగురికి మించకూడదన్నది ఇప్పటి నిబంధన. అయిదుగురు ఆటను ఆరంభించేవారు. మిగిలిన ఎనిమిది మంది వారి తర్వాత బంతి అందుకునేవారు. ఆ ఎనిమిది మంది కూర్చునే చోటునూ, వాళ్ల సమూహాన్నీ కూడా బుల్‌పెన్ అనే పిలుస్తారు. మైదానం అంచున ఉండే ఆ ఆవరణలో వాళ్లు ఫోను మోగేదాకా ఎదురుచూస్తారు. మోగితే లేచి భుజం వేడెక్కించుకుంటారు.

క్రికెట్‌లో బౌలర్ ఒక దఫా వేసి, విశ్రాంతి తీసుకుని, మళ్లీ బంతి అందుకోవచ్చు. బేస్‌బాల్‌లో ఆట నుంచి తప్పించిన పిచర్ ఆ రోజుకు తిరిగి రాలేడు. అందుకే తొమ్మిది ఇన్నింగ్సుల ఆటకు ఇందరు చేతులు కావాలి. ఎనిమిది మందిలో ఏడుగురి పేర్లు సాధారణంగా శిబిరం మొదలవకముందే అందరికీ తెలిసి ఉంటాయి. చివరి ఇన్నింగ్సు కాపాడేవాడు, అతడికి ముందు వచ్చేవాడు, ఎడమచేతి వాటపు నిపుణుడు, ఇలా ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క మనిషి. ఎనిమిదో కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంటుంది. దాని కోసం జరిగేది బహిరంగ పోటీ అని క్లబ్బు ప్రకటిస్తుంది. పత్రికలు రోజూ ఆ పోటీదారుల బలాబలాలు బేరీజు వేస్తాయి. టికెట్ల పంపిణీకి ముందు సిట్టింగులనూ ఆశావహులనూ తూకం వేసే ఎన్నికల విలేఖరుల భాషకూ ఆ వార్తల భాషకూ పెద్ద తేడా ఉండదు. అక్కడా ఇక్కడా రాయకుండా మిగిలిపోయేది ఒకటే: నిర్ణయం ఏ కాగితం మీద ఆధారపడి ఉంది?

ఏ క్లబ్బులో చూసినా ఆ కుర్చీ దగ్గర నిలబడేవాళ్లు మూడు రకాలు. మొదటివాడు ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు. క్లబ్బు కాపాడుకుంటున్న నలభై మంది విస్తృత జాబితాలో అతడి పేరుంది. బంతిలో వేగముంది. చేసిన తప్పు మళ్లీ చేయడు. రెండోవాడికి ఇరవై ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. రెండు మూడేళ్లుగా పై స్థాయికీ కింది స్థాయికీ మధ్య తిరుగుతున్నాడు. ఒక రోజు అద్భుతంగా వేస్తాడు, మరో రోజు స్ట్రైక్ దొరక్క తడబడతాడు. మూడోవాడు ముప్పై అయిదు దాటిన అనుభవజ్ఞుడు. పేరున్నవాడే. ఇప్పుడు మైనర్ లీగ్ ఒప్పందం మీద, శిబిరానికి ఆహ్వానితుడిగా వచ్చాడు. నలభై మంది జాబితాలో అతడి పేరు లేదు. అతణ్ణి తీసుకోవాలంటే, ఆ జాబితా నిండి ఉన్నప్పుడు, అందులోంచి ఒకరిని తొలగించాలి.

నెల రోజుల్లో ఈ ముగ్గురిలో ఒక్కొక్కరూ వేసేది పది ఇన్నింగ్సులు, లేదా అంతకు కాస్త అటూ ఇటూ. నలభై యాభై మంది బ్యాటర్లు ఎదురవుతారు. వాళ్లలో కొందరు ప్రసిద్ధులు, కొందరు ఆఖరి ఇన్నింగ్సుల్లో తొంభైల అంకె ఉన్న చొక్కాలు తొడుక్కుని వచ్చిన పిల్లలు. అరిజోనాలో పొడిగాలికి వంపు తిరగవలసిన బంతి సరిగా తిరగదు. ఒక పిచర్ కొత్త బంతిని పరీక్షించుకోవడానికి కావాలనే పరుగులు సమర్పించుకుంటాడు, మరొకడు ప్రాణం పెట్టి వేస్తాడు. ఇన్ని తేడాలున్న పది ఇన్నింగ్సుల లెక్కతో ఒక మనిషి సామర్థ్యాన్ని తేల్చలేమని క్లబ్బుల గణాంక విభాగాలకు బాగా తెలుసు. కెమెరాలు కొలిచే వేగాన్నీ బంతి భ్రమణాన్నీ అవి కొంత నమ్ముతాయి. పరుగుల సగటును పెద్దగా నమ్మవు. అయినా పోటీ జరుగుతుంది. పోటీ ఉందని చెప్పడం వల్ల ముగ్గురూ ఒళ్లు దాచుకోకుండా శ్రమిస్తారు.

ఇక కాగితం సంగతి. నలభై మంది జాబితాలో చేరిన ఆటగాణ్ణి, ఇతర క్లబ్బులకు అవకాశం ఇవ్వకుండా, కింది స్థాయికి పంపే హక్కు యజమానికి సాధారణంగా మూడు సీజన్ల పాటు ఉంటుంది. దాని పేరు ఆప్షన్. ఆంగ్లంలో ఆ పదానికి ఎంపిక అని అర్థం. ఎంపిక ఆటగాడిది కాదు, క్లబ్బుది. మూడు సీజన్లూ వాడేశాక అతణ్ణి కిందికి పంపాలంటే ముందు వెయివర్ జాబితాలో పెట్టాలి. మిగిలిన ఇరవై తొమ్మిది క్లబ్బుల్లో ఏదైనా అతణ్ణి అందుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ల కుర్రవాడికి ఇంకా ఆప్షన్లు మిగిలి ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్లవాడికి అయిపోయాయి. ముప్పై అయిదు దాటినవాడికి మరో రకం రక్షణ ఉంది: తగినంత సర్వీసు ఉండి, స్వేచ్ఛగా ఒప్పందాలు కుదుర్చుకునే హోదా పొందిన అలాంటి అనుభవజ్ఞుణ్ణి క్లబ్బు సీజన్‌కు అయిదు రోజుల ముందు జట్టులోకైనా తీసుకోవాలి, విడుదలైనా చేయాలి, కింది స్థాయిలో అట్టిపెట్టుకోదలిస్తే లక్ష డాలర్లైనా చెల్లించాలి.

ఇప్పుడు ఫలితం ఊహించడానికి ఆట చూడనక్కరలేదు. నెలంతా ముగ్గురిలోకీ బాగా వేసినవాడు కుర్రవాడే అనుకున్నా, సాధారణంగా కిందికి వెళ్లేది అతడే. అతణ్ణి పంపితే క్లబ్బుకు నష్టం లేదు. వారం తర్వాతో నెల తర్వాతో కావాలనుకుంటే వెనక్కి పిలుచుకోవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లవాణ్ణి పంపితే పొరుగు క్లబ్బు ఎగరేసుకుపోతుంది. కాబట్టి అతడు ఉంటాడు. ప్రతిభ సమానంగానో కాస్త తక్కువగానో ఉన్నా, తొలగిస్తే మూల్యం చెల్లించవలసి వచ్చేవాడే నిలబడతాడు. ఉచితంగా తొలగించగలిగినవాడు వెళ్లిపోతాడు. మేనేజర్ గదిలో కుర్రవాడికి చెప్పే మాటలు అబద్ధాలు కావు: నువ్వు చాలా బాగా వేశావు, ఇది నీ మీద తీర్పు కాదు, సంఖ్యల సమస్య, తప్పకుండా మళ్లీ వస్తావు. ఆ ఓదార్పులో ఇమిడి ఉన్న అసలు వాక్యం మాత్రం ఎవరూ పలకరు. నిన్ను పంపడం సులువు గనక నిన్ను పంపుతున్నాం.

క్లబ్బు వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. సీజన్లో 162 ఆటలు. మోచేతులు, భుజాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఏడాది పొడవునా ఒక జట్టు ముప్పై మందికి పైగా పిచర్లను వాడుకోవడం అరుదు కాదు. మార్చిలో ఒకణ్ణి అనవసరంగా వదులుకుంటే జూన్‌లో ఆ లోటు తెలుస్తుంది. ఉన్న చేతులన్నిటినీ కాపాడుకోవడం యాజమాన్యం బాధ్యత. ఆటగాడికీ ఆ నిబంధనే ఒక దశలో రక్షణ అవుతుంది: మూడు సీజన్ల గడువు లేకపోతే అతణ్ణి జీవితమంతా కింద తొక్కిపెట్టవచ్చు. ఇవన్నీ నిజాలే. అయితే ఈ నిజాలు చెప్పి నిర్ణయం తీసుకోవడం వేరు, వాటిని దాచి దానికి బహిరంగ పోటీ అని పేరు పెట్టడం వేరు. ఓడినవాడు తన బంతిలో లోపం వెతుక్కుంటూ ఇంటికి వెళ్తాడు. లోపం బంతిలో లేదు, అతడి ఒప్పందం వయసులో ఉంది.

ఒకవేళ కుర్రవాడే ఆ ఎనిమిదో కుర్చీ గెలుచుకున్నాడనుకున్నా కథ సుఖాంతం కాదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అప్పగించేది గెలిచే ఆటలు కావు. జట్టు ఎనిమిది పరుగులు వెనకబడి, గెలుపు ఆశ వదులుకున్న రాత్రి ఫోను అతడి కోసం మోగుతుంది. మిగతా ఏడుగురి చేతులకు విశ్రాంతి దొరకడం కోసం అతడు మూడు ఇన్నింగ్సులు వేయాలి. వేస్తాడు. అరవై బంతులు వేసిన ఆ చెయ్యి మర్నాడు, ఎల్లుండి పనికిరాదు. జట్టుకు రేపటికి తాజా చెయ్యి కావాలి. అందువల్ల మర్నాడు ఉదయం అతణ్ణే కిందికి పంపి మరొకణ్ణి పిలుస్తారు. అప్పగించిన పని నిండుగా చేయడమే అతణ్ణి పంపడానికి కారణం అవుతుంది. గాయపడినవాడి స్థానంలో అవసరమైతే తప్ప, అలా వెళ్లిన పిచర్ పదిహేను రోజులు తిరిగి రాకూడదు. విమానాశ్రయాల మధ్య ఈ తిరుగుడు మితిమీరిపోతోందని ఆటగాళ్ల సంఘం పట్టుబట్టాక, 2022 ఒప్పందంతో ఒక సీజన్లో ఒక ఆటగాణ్ణి ఆప్షన్ మీద అయిదుసార్లకు మించి పంపకూడదన్న పరిమితి వచ్చింది. అంతకుముందు ఆ పరిమితి కూడా లేదు.

ఆ కుర్చీ విలువ అంకెల్లో చూస్తే ఉదయం అర వంక చూసే చూపు అర్థమవుతుంది. 2023లో మేజర్ లీగ్ కనీస వేతనం 7,20,000 డాలర్లు. సరిగ్గా ఒక మెట్టు కిందనున్న ట్రిపుల్-ఎ స్థాయిలో, అదే ఏడాది కుదిరిన ఒప్పందం ప్రకారం, కనీస వేతనం ఏడాదికి 35,800 డాలర్లు. నలభై మంది జాబితాలో ఉన్నవాడికి కొంత ఎక్కువ ముడుతుంది గానీ, మెట్టు మెట్టే. కనీస వేతనాల మధ్య ఇరవై రెట్ల తేడా. జీతాన్ని రోజుల లెక్కన కడతారు. మేజర్ లీగ్ జాబితాలో ఉన్న ప్రతి రోజూ సర్వీసు పుస్తకంలో పడుతుంది. 172 రోజులైతే పూర్తి సంవత్సరం. జీవితంలో ఒక్క రోజు జాబితాలో ఉన్నా ఆటగాళ్ల ఆరోగ్య బీమా పథకంలో అర్హత వస్తుంది. 43 రోజులు ఉంటే పింఛనుకు అర్హత. ఈ సౌకర్యం 1980 ఒప్పందంతో వచ్చింది. అంతకుముందు పింఛనుకు నాలుగేళ్ల సర్వీసు కావలసి వచ్చేది. కొత్త నిబంధనను వెనకటి వారికి వర్తింపజేయలేదు. మూడున్నరేళ్లు ఆడి 1979లో తప్పుకున్నవాడు బయట ఉండిపోయాడు, 1980 తర్వాత నెలన్నర ఆడినవాడు లోపలికి వచ్చాడు. ఏప్రిల్ నెల బుల్‌పెన్‌లో, ఓడిపోయే ఆటల్లో మూడు ఇన్నింగ్సులు వేసే ఆ చివరి మనిషి నలభై మూడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఏర్పాటు ఆటలోంచి సహజంగా పుట్టింది కాదు. దానికి చట్టం, న్యాయస్థానం, శాసనసభ కలిసి పునాది వేశాయి. 1922లో అమెరికా సుప్రీంకోర్టు, బేస్‌బాల్ ప్రదర్శనలు రాష్ట్రాల మధ్య వాణిజ్యం కిందికి రావని తేల్చి, గుత్తాధిపత్య నిరోధక చట్టాల పరిధి నుంచి ఈ వ్యాపారాన్ని తప్పించింది. మూడు దశాబ్దాల తర్వాత జార్జ్ టూల్సన్ అనే పిచర్ దాన్ని సవాలు చేశాడు. న్యూయార్క్ యాంకీస్ యాజమాన్యంలోని నెవార్క్ జట్టులో ఆడుతున్న అతణ్ణి కింది స్థాయిలోని బింగమ్‌టన్‌కు బదిలీ చేశారు. అతడు వెళ్లనన్నాడు. వెళ్లకపోతే మరే జట్టులోనూ ఆడే వీలు లేదు. 1953లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒక వైపు, ఇద్దరు మరో వైపుగా అతడి వాదన తిరస్కరించింది. పాత తీర్పు మార్చదలిస్తే అది కాంగ్రెస్ పని అన్నది. 1972లో కర్ట్ ఫ్లడ్ కేసులోనూ అదే పాట. చివరికి 1998లో కాంగ్రెస్, ఫ్లడ్ పేరు మీదనే చట్టం చేసి, మేజర్ లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ వ్యవహారాల వరకు ఆ మినహాయింపును తొలగించింది. మైనర్ లీగ్ ఆటగాళ్లకు ఈ చట్టం వర్తించదని అందులోనే విడిగా రాసింది. టూల్సన్ నిలబడిన మెట్టు మీద ఉన్నవాళ్లకు నలభై అయిదేళ్ల తర్వాత కూడా ఆ తలుపు మూసే ఉంది.

అంతకంటే సూటిగా ఈ వసంతకాలపు పోటీని తాకిన చట్టం 2018లో వచ్చింది. తమకు కనీస వేతనాలు, అదనపు గంటల భత్యం ఇవ్వడం లేదని 2014లో కొందరు మైనర్ లీగ్ ఆటగాళ్లు దావా వేశారు. శిక్షణ శిబిరం నెలలో వాళ్లకు జీతమే ఉండేది కాదు. ఆ దావా సాగుతుండగానే, 2018 మార్చిలో, 2,232 పేజీల వ్యయ బిల్లులోని 1,967వ పేజీలో ఒక సెక్షన్ ప్రత్యక్షమైంది. దాని పేరు అమెరికా జాతీయ క్రీడను కాపాడే చట్టం. వారానికి నలభై గంటల కనీస వేతనం చెల్లిస్తే చాలు, ఎన్ని గంటలు పనిచేయించుకున్నా సమాఖ్య వేతన చట్టం పట్టించుకోదని అది చెప్పింది. ఆ చెల్లింపు కూడా పోటీల సీజన్ వరకే. వసంతకాల శిక్షణకు, విరామ కాలానికి అది వర్తించదని మాటల్లోనే రాశారు. అంటే, మేజర్ లీగ్ ఒప్పందం లేని వందలాది మంది తమ బతుకుతెరువు కోసం అత్యంత తీవ్రంగా శ్రమించే ఆ నెల సమాఖ్య చట్టం దృష్టిలో శ్రమే కాకుండా పోయింది. సభ్యుల్లో ఎందరు 1,967వ పేజీ దాకా చదివి ఓటు వేశారో ఊహించడం కష్టం కాదు. ద్రవ్య బిల్లుల తోకకు ఇతర సంగతులు ముడిపెట్టడం చూసిన భారతీయ పాఠకుడికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

కథ అక్కడ ఆగలేదు. 2022 మార్చిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, మైనర్ లీగ్ ఆటగాళ్లు ఏడాది పొడవునా ఉద్యోగులేననీ, అరిజోనా, ఫ్లోరిడా శిక్షణ కాలానికి ఆ రాష్ట్రాల చట్టాల ప్రకారం వేతనం రావలసిందేననీ తీర్పు చెప్పాడు. ఆ ఏడాదే మేజర్ లీగ్ బేస్‌బాల్ 18 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించి దావాను పరిష్కరించుకోవడానికి ఒప్పుకుంది. సెప్టెంబరులో మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలో చేరారు. 2023 మార్చి చివర, సరిగ్గా జట్టు జాబితాలు ఖరారయ్యే రోజుల్లో, వారి తొలి సామూహిక ఒప్పందం కుదిరింది. ట్రిపుల్-ఎ కనీస వేతనం 17,500 నుంచి 35,800 డాలర్లకు పెరిగింది. శిక్షణ శిబిరానికీ జీతం వచ్చింది. బదులుగా, ఒక్కో క్లబ్బు తన అధీనంలో ఉంచుకోగల దేశీయ మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఖ్య 180 నుంచి 165కు తగ్గేందుకు సంఘం ఒప్పుకుంది. లోపల ఉన్నవాళ్ల జీతం పెరిగిన రోజునే వాకిలి కొంచెం ఇరుకైంది. పోరాటాల ఫలితాలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. ఎవరి కోసమో గెలిచిన దానికి ఇంకెవరో కొంత చెల్లిస్తారు.

చివరి కుర్చీ కోసం పోరాడిన మనిషి మనసును లోకానికి తెరిచి చూపినవాడు జిమ్ బౌటన్. 1963లో యాంకీస్ తరఫున ఇరవై ఒక్క ఆటలు గెలిచిన పిచర్ అతడు. చెయ్యి దెబ్బతిని వేగం పోయాక, నకుల్‌బాల్ అనే నిదానమైన, గాలిలో వణికే బంతిని నమ్ముకుని, 1969 వసంతంలో అరిజోనాలోని టెంపీ పట్టణంలో, అప్పుడే పుట్టిన సియాటిల్ పైలట్స్ జట్టు శిబిరానికి వచ్చాడు. ఆ వసంతమే పింఛను నిధి వివాదంలో ఆటగాళ్లు శిబిరాలను బహిష్కరించి, ఫిబ్రవరి చివర్లో ఒప్పందం కుదిరాక వచ్చారు. బౌటన్‌కు చోటు దొరికింది. ఏప్రిల్‌లోనే వాంకూవర్‌కు పంపేశారు. కొన్ని వారాలకు వెనక్కి పిలిచారు. ఆగస్టులో మరో జట్టుకు మార్చేశారు. ఆ ఏడాది అతడు రోజూ కాగితాల మీద రాసుకున్న సంగతులు 1970లో 'బాల్ ఫోర్' పేరుతో పుస్తకమయ్యాయి. ఆటగాళ్ల తాగుడూ చిలిపితనమూ బయటపెట్టాడని చాలామందికి కోపం వచ్చింది. బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కున్ అతణ్ణి పిలిపించి మందలించాడు. జీతాల బేరాల్లో యాజమాన్యం ఆటగాణ్ణి ఎలా చిన్నబుచ్చుతుందో, ఆఖరి కుర్చీలోని మనిషి తోటి ఆటగాడి వైఫల్యం కోసం లోలోపల ఎలా ఎదురుచూస్తాడో ఆ పుస్తకంలో ఉంది. చిలిపితనం కంటే ఎక్కువ నొప్పించింది బహుశా అదే. అభద్రత స్నేహితుణ్ణి కూడా అంకెగా మారుస్తుంది. బౌటన్ ఆ మాట తన గురించే ఒప్పుకున్నాడు.

అదే టెంపీ పట్టణానికి, దాదాపు నలభై ఏళ్ల తర్వాత, ఇద్దరు భారతీయ యువకులు వచ్చారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ జావెలిన్ విసిరేవారు. 2008లో భారత్‌లో జరిగిన 'మిలియన్ డాలర్ ఆర్మ్' పోటీ వారిని అమెరికా చేర్చింది. కొద్ది నెలల శిక్షణ తర్వాత ఆ నవంబరులో టెంపీలో క్లబ్బుల ప్రతినిధుల ముందు బంతులు విసిరారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. 2014లో డిస్నీ తీసిన సినిమాకు ఆ ఒప్పందమే శుభం కార్డు. నిజానికి అది ఆరంభం. దినేశ్‌ను 2010లో విడుదల చేశారు. రింకూ క్లాస్-ఎ దాకా ఎదిగాడు. ఆ తర్వాత మోచేతి శస్త్రచికిత్స, మరిన్ని గాయాలు. 2018లో అతడు వృత్తి కుస్తీలోకి వెళ్లిపోయాడు. ఎనిమిదో కుర్చీ కోసం పోటీపడే గది గుమ్మం దాకా కూడా ఇద్దరిలో ఎవరూ చేరలేకపోయారు. వేలాది మంది నుంచి ఇద్దరిని ఏరే పోటీకి కెమెరాలు వచ్చాయి. అరవై మంది నుంచి ఒకణ్ణి పంపేసే ఉదయాలకు ఏ కెమెరా రాలేదు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు ఆటగాళ్ల గోడు అనుకుంటే పొరపాటు. తొలగింపు సులువైన చోట పోటీ అనే మాట ఎలా పనిచేస్తుందో భారత ప్రభుత్వ కార్యాలయాల్లో రోజూ కనిపిస్తుంది. ఒప్పంద ఉపాధ్యాయుడు, పొరుగు సేవల నర్సు, దినవేతన గుమస్తా ప్రతి మార్చిలోనూ పునరుద్ధరణ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తారు. అదే పని, అదే కుర్చీ, పక్క బల్ల మీద శాశ్వత ఉద్యోగి. తాత్కాలిక సేవ ఎంత దీర్ఘమైనా క్రమబద్ధీకరణ హక్కు ఇవ్వదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. దొడ్డిదారి నియామకాలను అడ్డుకోవడం ఆ తీర్పు ఉద్దేశం. దశాబ్దాల పాటు శాశ్వత స్వభావం గల పనులు చేయించుకుని, హక్కు అడిగినప్పుడు ఆ తీర్పునే చూపించడం ప్రభుత్వ శాఖలకు అలవాటైంది. అలా వాడుకోవడం తగదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో అదే న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు ఊడ్చిన, తుడిచిన మనుషులు పనితనం చాలక ఆగిపోలేదు. వాళ్లను పంపడానికి యజమానికి ఖర్చు లేదు. అరిజోనా కుర్రవాడికీ వాళ్లకూ జీతాల్లో పోలిక లేదు. అతడు ఒక మంచి సీజన్‌తో కోటీశ్వరుడు కావచ్చు. వాళ్లకు ఆ దారి లేదు. పోలిక ఒక్క చోటే ఉంది. ఇద్దరికీ 'బాగా పనిచెయ్యి, చూద్దాం' అని చెబుతారు. చూసేది పనిని కాదు.

ప్రతిభకు విలువ లేదని దీనికి అర్థం కాదు. ప్రతిభ లేనివాడు ఆ గదిలోకే రాలేడు. అరవై మందినీ అక్కడికి చేర్చింది వాళ్ల చేతులే. చేతులు సమానమైన చోట, ఆఖరి కుర్చీ దగ్గర, వ్యవస్థ తన స్వభావం బయటపెట్టుకుంటుంది. మొదటి ఏడు పేర్లను చూసి ఏ సంస్థ న్యాయాన్నీ అంచనా వేయలేం. అక్కడ గొప్పతనం తన సంగతి తానే చూసుకుంటుంది. పదమూడో పేరు దగ్గర గొప్పతనం సాయం రాదు, హక్కు కావాలి. ఆ హక్కు మూడు సీజన్ల గడువు కావచ్చు, అయిదుసార్ల పరిమితి కావచ్చు, శిక్షణ నెల జీతం కావచ్చు. వీటిలో ఏదీ బాగా బంతి విసిరినందుకు బహుమతిగా రాలేదు. దావాలు వేసినవాళ్లు, శిబిరాలు బహిష్కరించినవాళ్లు, బదిలీకి వెళ్లనని ఒంటరిగా నిలబడి ఓడిపోయిన టూల్సన్ వంటివాళ్లు తొలగింపు ఖరీదును అణా అణాగా పెంచుకుంటూ వచ్చారు.

జాబితా ఖరారైన రోజు మధ్యాహ్నం దుస్తుల గది సగం ఖాళీ అవుతుంది. కిందికి వెళ్లేవాడు తన చేతితొడుగు, రెండు జతల బూట్లు సంచిలో సర్దుకుంటాడు. ఉండిపోయినవాడు వచ్చి కౌగిలించుకుంటాడు. ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి కోపం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఉండిపోయినవాడికి మూడేళ్ల కిందటి తన మార్చి గుర్తొస్తుంది. అప్పుడు సంచి సర్దుకున్నది తాను. వెళ్లేవాడు తలుపు దాటుతుండగా సామాను గది మనిషి వచ్చి ఆ అర మీది పేరు పలక తీస్తాడు. దాన్ని పారేయడు. వేసవిలో మళ్లీ కావలసి వస్తుందని అతడికి అనుభవం. సొరుగులో, ఇలాంటివే మరికొన్ని పలకల పక్కన, జాగ్రత్తగా పెట్టుకుంటాడు.